వాలెట్లు తెరిపించడమే బోధనా?

సంపాదకులకు నమస్కారం.

ఆఫ్రికా విశ్వవిద్యాలయాల్లో బ్లాక్‌చెయిన్ మీద, అంటే ఒకే పద్దుకు పలువురి దగ్గర నకళ్లు ఉంచి, రాసినదాన్ని ఎవరూ గుట్టుగా మార్చకుండా చూసే పద్ధతి మీద, వర్క్‌షాపులు జోరుగా సాగుతున్నాయనీ, వేల సంఖ్యలో విద్యార్థులు హాజరవుతున్నారనీ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. నేను కెన్యాలో, విక్టోరియా సరస్సు ఒడ్డునున్న కిసుము ప్రాంతంలో, ఒక విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ బోధిస్తున్నాను. వ్యాసకర్త ఉత్సాహంతో నాకు పేచీ లేదు. హాజరు పట్టీ చూసి మురిసిపోవడం దగ్గరే నా అభ్యంతరం. ఆ గదుల్లో ఏం జరుగుతుందో లోపల కూర్చుని చూసినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం.

ఇలాంటి వర్క్‌షాపు సాధారణంగా రెండు రోజులు ఉంటుంది. ఖర్చు డిజిటల్ నాణేల వ్యాపారం చేసే ఏదో ఒక క్రిప్టో సంస్థది. టీషర్టులు, భోజనం, హాలు నిండా బ్యానర్లు. మొదటి రోజు మధ్యాహ్నానికల్లా అందరి ఫోన్లలో వాలెట్ యాప్, అంటే క్రిప్టో సొమ్ము దాచుకునే డిజిటల్ పర్సు, వచ్చేస్తుంది, అందులో ఆ సంస్థ సొంత టోకెన్లు, అంటే అది జారీచేసిన డిజిటల్ నాణేలు, కొన్ని జమవుతాయి. రెండో రోజు ‘అంబాసిడర్ల’ ఎంపిక. తోటివాళ్లను చేర్పించినవారికి మరికొన్ని టోకెన్లు. మా దగ్గర జరిగిన వర్క్‌షాపులో హ్యాష్ (ఏ రాతకైనా వేలిముద్రలా వచ్చే సంకేతం) అన్న మాట ఒకే ఒక్క స్లైడులో తళుక్కుమని మాయమైంది. ఫీజు బకాయి పడి, విద్యారుణం ఇంకా చేతికందని కుర్రవాడికి ఆ టోకెన్ పాఠంలా ఎందుకు కనబడుతుంది? డబ్బులాగే కనబడుతుంది. అందుకు వాణ్ని తప్పుపట్టలేను.

ఈ ఖండంలో ఆ డబ్బు ఆశ ఎన్ని కొంపలు ముంచిందో చెప్పాలంటే చాలా ఉంది. 2016 డిసెంబరులో నైజీరియాలో అధిక లాభాల ఆశ చూపిన ఎంఎంఎం పథకం చెల్లింపులు ఆపేసింది. 2019 చివరలో ఉగాండాలో డునమిస్‌కాయిన్స్ అనే క్రిప్టో పెట్టుబడి సంస్థ రాత్రికి రాత్రే తలుపులు మూసింది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ నైజీరియాలోనే, నెల తిరిగేసరికి సొమ్ము రెట్టింపు చేస్తామన్న సీబెక్స్ కుప్పకూలితే జనం ఇబాదన్‌లోని దాని కార్యాలయం మీద పడ్డారు. 2023లో నైరోబీలో జనం కంటిపాపల స్కానింగుకు బారులు తీరారు. వరల్డ్‌కాయిన్ అనే క్రిప్టో ప్రాజెక్టు అందుకు బదులుగా అప్పట్లో సుమారు 7,000 షిల్లింగుల విలువ చేసే టోకెన్లు ఇచ్చేది. ఆగస్టులో ప్రభుత్వం దాన్ని ఆపించింది. సేకరించిన ఆ వివరాలు చెరిపేయాలని 2025 మేలో హైకోర్టు ఆదేశించింది. ఆ బారుల్లో నిలబడ్డవారికి చదువు లేకపోలేదు, కళాశాల విద్యార్థులూ ఉన్నారు. ఎదుటివాడు ‘బ్లాక్‌చెయిన్’ అనగానే వేయాల్సిన ప్రశ్నలు మాత్రం వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

అందుకే నేను అడిగేది ఒక్కటే. విశ్వవిద్యాలయంలో జరిగే వర్క్‌షాపులో అసలు డబ్బు ఉండకూడదు. ఏ టోకెన్ పేరూ వినబడకూడదు, ఏ వాలెట్టూ తెరిపించకూడదు. డబ్బు లేకుండా బ్లాక్‌చెయిన్ ఎలా చెబుతారని సహోద్యోగులు నన్ను అడిగారు. తీరిగ్గా, చక్కగా చెప్పవచ్చు.

నిజానికి ఇక్కడి విద్యార్థికి డిజిటల్ డబ్బు గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. 2007లో మొబైల్ ఫోనుతో డబ్బు పంపే ఎం-పెసా మొదలైనప్పుడు నా తరగతిలోని పిల్లల్లో చాలామంది ఇంకా నడక నేర్చుకుంటున్నారు. మటాటు (ప్రైవేటు మినీబస్సు) చార్జీ, టమాటాల కొట్టు, హాస్టల్ అద్దె, అన్నీ మామూలు బటన్ల ఫోనుతోనే చెల్లించి పెరిగినవాళ్లు. కాబట్టి వాళ్ల మొదటి ప్రశ్న సూటిగా వస్తుంది: ‘ఎం-పెసా ఉండగా ఇదెందుకు మేడమ్?’ బయటినుంచి వచ్చే వక్తలు ఈ ప్రశ్న దగ్గర కాస్త తడబడతారు. నాకు మాత్రం పాఠం ఇక్కడే మొదలవుతుంది. ఎం-పెసా పద్దు ఒక్క సంస్థ చేతిలో ఉంది. పొరపాటున వేరే నంబరుకు డబ్బు పంపితే ఆ సంస్థకు ఫోను చేసి మొర పెట్టుకోవచ్చు. బ్లాక్‌చెయిన్‌లో మొర వినేవాడు లేడు. మరి అలాంటిది ఎవరికి కావాలి? ఒకరి మీద ఒకరికి పూర్తి నమ్మకం లేని పలువురు ఒకే పద్దును పంచుకోవాల్సి వచ్చి, దాన్ని రాసే పని ఏ ఒక్కరికీ అప్పగించలేనప్పుడు కావాలి. దక్షిణాఫ్రికా రిజర్వు బ్యాంకు 2018లో ప్రాజెక్ట్ ఖోఖా పేరుతో చేసిన ప్రయోగం అలాంటిదే. బ్యాంకుల మధ్య ఒక రోజులో జరిగే చెల్లింపులను ఉమ్మడి పద్దు మీద రెండు గంటల లోపే పూర్తిచేయవచ్చని అందులో తేలింది.

మేము ల్యాబ్‌లో చేసేది ఇంతకంటే చిన్నది. కెన్యాలో చామా అనే పొదుపు బృందం లేని వీధి ఉండదు. నెలనెలా తలా కొంత వేసుకుని వంతులవారీగా ఒకరికి ఇస్తారు, లేదా సభ్యులకే అప్పులిస్తారు. పద్దు కోశాధికారి పుస్తకంలో ఉంటుంది. విద్యార్థులను బెంచీలవారీగా చామాలుగా విడగొడతాను. ‘మూడో సభ్యురాలు 500 షిల్లింగులు జమ’ అని ఒక వరుస కంప్యూటర్‌లో కొడితే, ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క పద్ధతిలో 64 అక్షరాల హ్యాష్ వస్తుంది. తర్వాతి పద్దు మొదట్లో ఆ హ్యాష్‌ను రాయాలి. దాని హ్యాష్ ఆ తర్వాతి పద్దులో. ఇలా ఇరవై ముప్పై పద్దులు అయ్యాక ఎవరో ఒకరిని పిలిచి, 500 పక్కన ఇంకో సున్నా పెట్టమంటాను. ఆ హ్యాష్ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. కింది పద్దులో రాసి ఉన్నదానితో ఇక పొంతన కుదరదు.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా లేస్తారు. పోయిన సెమిస్టరులో వెనక బెంచీ కుర్రవాడు లేచాడు. ‘కింది పద్దులన్నీ కూడా తిరగరాస్తే?’ అన్నాడు. రాయమన్నాను. చిన్న ప్రోగ్రాముతో కళ్లు మూసి తెరిచేలోగా మొత్తం గొలుసును సరిచేసి చూపించాడు. తరగతి చప్పట్లు కొట్టింది. అప్పుడు పక్క బెంచీలవాళ్లు తమ దగ్గరున్న అదే గొలుసు నకళ్లు తీసి పోల్చారు, తేడా బయటపడింది. ‘వాళ్లంతా వీడి స్నేహితులే అయితే?’ అని ఇంకొకరు. మెజారిటీ ఎవరి చేతిలో ఉంటే గొలుసు వాళ్లదేనన్న సంగతి ఎవరూ చెప్పకుండానే బయటపడింది. ఆ తర్వాత, ప్రతి హ్యాష్ ముందు ఆరు సున్నాలు ఉండాలని షరతు పెట్టాను. అలాంటిది ఒక్కటి దొరకాలంటే సగటున సుమారు 1.68 కోట్ల సార్లు ప్రయత్నించాలి. మా పాత కంప్యూటర్ల ఫ్యాన్లు రొద మొదలుపెట్టాయి. పద్దు తిరగరాయడం ఎంత ఖరీదైన పనో కుర్రవాడికి అర్థమైంది. బిట్‌కాయిన్ 2009 నుంచీ నడుస్తున్నది ఈ పద్ధతి మీదేననీ, విద్యుత్తు ఖర్చు భరించలేనిదన్న విమర్శల నడుమ మరో పెద్ద బ్లాక్‌చెయిన్ ఎథీరియం 2022 సెప్టెంబరులో దీన్ని వదిలేసిందనీ చెబితే, ఆ సంవత్సరాలు ఇక బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు.

వీటన్నిటికంటే మంచి ప్రశ్న ముందు బెంచీ అమ్మాయిది. ‘మా అమ్మ చామాలో కోశాధికారి డబ్బు తీసుకుని పుస్తకంలో రాయనే రాయదు. రాయనిదాన్ని మీ గొలుసు ఎలా పట్టుకుంటుంది?’ పట్టుకోదు. రాసినదాన్ని మార్చకుండా కాపాడుతుందే తప్ప, రాసింది నిజమో కాదో దానికి తెలియదు. ఆ వారమంతా వాళ్లు దాని మీదే పనిచేశారు. ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ ఇద్దరూ ఎస్ఎంఎస్‌తో ఒప్పుకుంటేనే పద్దు చెల్లేలా మార్చారు. రెండు రోజుల టీషర్టు వర్క్‌షాపులో ఈ ప్రశ్నకు చోటు ఉండేది కాదు.

సర్టిఫికెట్ల సంగతి కూడా ఇలాంటిదే. కెన్యా ప్రభుత్వ ఉద్యోగుల్లో 2,000 మందికి పైగా నకిలీ ధ్రువపత్రాలతో చేరారని 2024లో ఇక్కడి పబ్లిక్ సర్వీస్ కమిషన్ బయటపెట్టింది. అంతకుముందే, 2021లో, ఇథియోపియా విద్యాశాఖ 50 లక్షల మంది విద్యార్థుల రికార్డులను కార్డానో బ్లాక్‌చెయిన్‌తో ముడిపెడతామని ప్రకటించింది. విద్యార్థులకు ఈ ఆలోచన ఎంతో నచ్చుతుంది. మార్కులన్నీ గొలుసులో పెట్టేద్దామంటారు. అప్పుడు కెన్యా 2019 డేటా రక్షణ చట్టం తీసి వాళ్ల ముందు పెడతాను. తన వివరాలు చెరిపేయమని అడిగే హక్కు పౌరుడికి ఉంది, చెరపడం గొలుసుకు చేతకాదు. కాబట్టి మార్కులు బయటే ఉంచి, వాటి హ్యాష్ మాత్రమే గొలుసులో రాయాలన్న దారికి వాళ్లే వస్తారు. రిజిస్ట్రార్ కార్యాలయమే దొంగ పట్టా ఇస్తే ఏమిటని అడిగేవాళ్లు కూడా ఉంటారు. అది పోలీసుల పని.

ఇంటర్నెట్ గురించి ఒక మాట. 2024 మే 12న సముద్రగర్భంలో ఈస్సీ, సీకామ్ కేబుళ్లు దెబ్బతిని తూర్పు ఆఫ్రికా అంతటా నెట్ నత్తనడకన సాగింది. అంతకు రెండు నెలల ముందు పశ్చిమ ఆఫ్రికాదీ అదే గతి. పైగా, సాధన కోసం ఇచ్చే విలువలేని ఈథర్ (ఎథీరియం నాణెం) పొందాలన్నా ముందు అసలు ఈథర్ కొంత కొని ఉండాలని కొన్ని వెబ్‌సైట్లు షరతు పెడుతున్నాయి. అందుకే మేము ల్యాబ్ కంప్యూటర్లనే ఒకదానికొకటి కలిపి, హార్డ్‌హ్యాట్ వంటి ఉచిత సాధనాలతో సొంత గొలుసు నడుపుకుంటాము. నెట్ పోయినా తరగతి ఆగదు. తక్కువ వనరులతో పనిచేయడం ఇక్కడ ఎవరికీ చిన్నతనం కాదు. దక్షిణాఫ్రికాకు చెందిన క్గొథాట్సో న్గాకో తయారుచేసిన మచంకురా, ఇంటర్నెట్ లేని ఫోను నుంచే బిట్‌కాయిన్ పంపే వీలు కల్పించింది. అలాంటి పని చేయాలంటే లోపలి యంత్రాంగం తెలియాలి. వాలెట్ తెరవడం తెలిస్తే చాలదు.

చట్టాలు మాత్రం ఒకచోట నిలవవు. నైజీరియా కేంద్ర బ్యాంకు 2021లో బ్యాంకులను క్రిప్టోకు దూరంగా ఉండమంది, 2023 చివరలో ఆ ఆంక్ష ఎత్తేసింది. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ 2022లో బిట్‌కాయిన్‌ను చట్టబద్ధ ద్రవ్యం చేసి మరుసటి ఏడాదే వెనక్కి తగ్గింది. కెన్యా 2025 అక్టోబరులో ఈ వ్యాపారాలకు లైసెన్సులు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఏ టోకెన్ ఎప్పుడు ఏమవుతుందో తెలియని ఇలాంటి చోట, తరగతి గదిలో ఒక సంస్థ టోకెన్ పంచిపెట్టడం బాధ్యత ఉన్నవాళ్లు చేసే పనేనా?

ఇథియోపియాలోనూ, ఇతర ఆఫ్రికా దేశాల్లోనూ బోధించే తెలుగువాళ్లలో మీ పత్రిక చదివేవారు ఉంటారు. వాళ్లకొక విన్నపం. మీ విభాగానికి ఇలాంటి సంస్థ నుంచి ప్రతిపాదన వస్తే ఒప్పందం చివరి పేజీ దాకా చదవండి. ఫలితాలు నివేదించే పట్టికలో ‘తెరిపించిన వాలెట్ల సంఖ్య’ అనే గడి ఉంటే దాన్ని కొట్టేసి, ‘విద్యార్థులు రాసిన ప్రోగ్రాములు’ అని చేర్చి తిప్పి పంపండి. మేము అలాగే చేశాము. రెండో విడత నిధులు ఇంకా రాలేదు. ల్యాబ్‌లో తరగతులు మాత్రం నడుస్తున్నాయి.

భవదీయురాలు,
ఒక తెలుగు అధ్యాపకురాలు,
కిసుము, కెన్యా