డాల్టన్‌కి ఒక్క లైనేనాండీ?

ఎడిటర్ గారికి నమస్కారమండి. మొన్న ఆదివారం అనుబంధంలో జేమ్స్ బాండ్‌గా చేసినోళ్ళ మీద ఫుల్ పేజీ వేశారు, బానే ఉంది, కానీ షాన్ కానరీకి సగం పేజీ ఇచ్చేసి టిమోతీ డాల్టన్‌ని మాత్రం రెండు సినిమాలు చేసి వెళ్ళిపోయాడని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

పైగా డేనియల్ క్రేగ్ వచ్చాకే బాండ్ సీరియస్ అయ్యాడంట! క్రేగ్ క్యాసినో రాయల్ వచ్చింది 2006లో. డాల్టన్ ఆ పని 1987లోనే చేసేశాడండి. ది లివింగ్ డేలైట్స్ మొదట్లో రాత్రిపూట కిటికీ దగ్గర తుపాకీ పెట్టుకుని కాపు కాస్తుంటాడు, ఎదురుగా స్నైపర్ కనిపిస్తే లేపెయ్యమని ఆర్డరు, తీరా చూస్తే కచేరీలో సెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం వాయించిన అమ్మాయి. ఆవిడ తుపాకీ పట్టుకున్న తీరు చూసే ఈవిడకి ఈ పని కొత్త అని పసిగట్టి మనిషిని కాల్చకుండా తుపాకీకి గురిపెడతాడు. పక్కనున్న ఆఫీసరు పైకి రిపోర్ట్ చేస్తానని గోల పెడితే, చేసుకో, ఉద్యోగం పీకేస్తే దండం పెడతా అన్నట్టు మాట్లాడతాడు. ఆ మొహంలో విసుగు చూడాలండి! నైట్ డ్యూటీలు చేసి చేసి ఇక ఓపిక లేనోడి మొహం అది. అదే సీన్ రోజర్ మూర్‌కిస్తే కనుబొమ్మ ఎగరేసి ఓ జోకేసి ముందుకెళ్ళిపోయేవాడు.

అలాగని మూర్‌ని తక్కువ చెయ్యట్లేదు. 1981లో ఫర్ యువర్ ఐస్ ఓన్లీలో కొండ అంచున వేలాడుతున్న కారుని, లోపల మనిషున్నాడని తెలిసీ, ఒక్క తన్ను తన్ని కిందకి తోసేస్తాడు, అలా చెయ్యగలిగినోడితో ఆక్టోపసీలో ఉదయ్‌పూర్ ఆటోల ఛేజులూ, మన విజయ్ అమృత్‌రాజ్ టెన్నిస్ రాకెట్‌తో రౌడీల్ని కొట్టడాలూ పెట్టారంటే తప్పు మూర్‌ది కాదు కదా, కథ రాసినోళ్ళది.

ఇక్కడ అమలాపురంలో ఈ టాపిక్ ఎత్తితే మళ్ళీ వేరే గొడవండోయ్. మా పెదనాన్నగారికి బాండ్ అంటే కృష్ణగారే, 1966లో గూఢచారి 116 చూసిన మనిషి, ఆయన ముందు కానరీ పేరెత్తితే ఎవడ్రా ఆ కానరీ అంటారు. ఆయనతో వాదించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు, వదిలెయ్యండి.

డాల్టన్ రెండింటితో ఆగిపోయింది చేతకాక కాదండి. 1989లో లైసెన్స్ టు కిల్ వచ్చింది, అందులో ఫ్రెండుని సొరచేపకి వేశారని ఉద్యోగం సైతం వదిలేసుకుని పగ తీర్చుకోడానికి పోతాడు, అదే వేసవిలో అమెరికాలో బ్యాట్‌మన్, ఇండియానా జోన్స్, లీథల్ వెపన్ 2 అన్నీ ఒకేసారి మీద పడ్డాయి, అక్కడ కలెక్షన్ దెబ్బతింది. ఆ తర్వాత నిర్మాతలకీ స్టూడియోకీ కోర్టు గొడవలు, ఆరేళ్ళు బాండ్ సినిమానే లేదు, 1994లో ఈయన తప్పుకున్నాడు, 1995లో గోల్డెన్ ఐతో బ్రాస్నన్ వచ్చాడు. తమాషా ఏంటంటే 1986లో ఆ వేషం ముందు బ్రాస్నన్‌కే వచ్చింది, టీవీ సీరియల్ కాంట్రాక్టు వదలకపోబట్టి డాల్టన్‌కి దక్కింది. ఇవేవీ రాయకుండా రెండు సినిమాల మనిషి అంటే ఎలాగండి?

ఇంకోటి, ఆరుగురు చేస్తే మీరు అయిదు ఫొటోలే వేశారు. జార్జ్ లాజెన్‌బీ ఏడీ? 1969లో చేసింది ఒక్క సినిమానే అయినా, పెళ్ళయిన కాసేపటికే కారులో చచ్చిపోయిన పెళ్ళాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఆ చివరి సీను కానరీకి కూడా దక్కలేదు. ఈసారి పేజీ వేస్తే ఆయన ఫొటో వెయ్యండి, డాల్టన్‌కి కనీసం క్వార్టర్ పేజీ ఇవ్వండి, చోటు చాలకపోతే కానరీ దాంట్లో కోత పెట్టినా నాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు, అమలాపురం