ఎల్‌ఆర్‌ఎస్ అంచనాలో ఇకపై ఓపెన్ స్పేస్ ఛార్జీ విడిగా

మా కస్టమర్లకు నమస్కారం. తెలంగాణ ఎల్‌ఆర్‌ఎస్-2020 (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) ఫైళ్లకు అంచనా ఇన్నాళ్లూ ఒకే మొత్తంగా రాసిచ్చాం. అది సరికాదు. డబ్బు ఎక్కడికి పోతోందో మీకు తెలియట్లేదు. ఈ నెల నుంచి మూడు లైన్లు ఉంటాయి: క్రమబద్ధీకరణ రుసుము, ఓపెన్ స్పేస్ ఛార్జీ, మా ఫీజు.

బరువంతా రెండో లైన్‌దే. లేఅవుట్ వేసేవాళ్లు 10 శాతం జాగా పార్కు లాంటి వాటికి వదిలి, గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు రాసివ్వాలి. అనుమతి లేని చాలా వెంచర్లలో ఆ జాగాను కూడా ప్లాట్లు కొట్టి అమ్మేశారు. పిల్లలకు ఆడుకునే చోటు పోయింది, దానికి బదులు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీగా కొన్నవాళ్ల నెత్తిన పడింది.

విలువంటే మీరు అమ్మినవాళ్లకు ఇచ్చిన ధర కాదు. 2020 సెప్టెంబరులో వచ్చిన 135వ జీవో ప్రకారం, ప్లాటు రిజిస్ట్రేషన్ అయిన రోజున సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఉన్న మార్కెట్ విలువ.

200 గజాల ప్లాటు తీసుకోండి. 167.22 చదరపు మీటర్లు. అప్పటి విలువ గజం 1,000 అయితే మొత్తం 2 లక్షలు, 14 శాతం అంటే 28,000. క్రమబద్ధీకరణకు మీటరుకు 400 చొప్పున 66,888 వస్తుంది, గజం విలువ 3,000 లోపే కనుక అందులో 20 శాతమే, 13,378. అదే ప్లాటు గజం 6,000 ఉన్నప్పుడు రిజిస్టరైతే క్రమబద్ధీకరణ 40 శాతం లెక్కన 26,755 దగ్గర ఆగుతుంది, ఓపెన్ స్పేస్ మాత్రం 1,68,000కు చేరుతుంది.

అందుకే తేదీ, కొలత తప్పు పడకూడదు. మీ పేరున ఉన్న సేల్ డీడ్ బదులు లింకు డాక్యుమెంటు (మీకు ముందున్న యజమాని డీడ్) పెడితే లెక్క వేరే ఏడాది రేటుకు పోతుంది. మీటర్ల గడిలో గజాలు కొడితే 167కు బదులు 200 మీటర్లకు కట్టాల్సి వస్తుంది. కట్టమని డిమాండ్ నోటీసు రాగానే డబ్బు కట్టేయకండి, ముందు ఈ రెండూ డీడ్‌తో సరిచూడండి.

మీ వెంచర్‌లో 10 శాతం ఖాళీ జాగా నిజంగా మిగిలి ఉంటే ఈ 14 శాతం పడదు. లేఅవుట్ కాపీ, ఆ జాగా ఫొటోలు తెచ్చివ్వండి, ఫైలులో ముందు అదే పెడతాం. చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దులో) పడిన ప్లాట్లు మాత్రం క్రమబద్ధం కావు, వాటికి మేం ఫీజు తీసుకోం.