పౌచ్ ఆపరేషన్‌కు ముందే అన్నీ చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) ముదిరి, మందులకు లొంగక, పెద్దపేగు తీయించుకునేవాళ్ల గురించి ఈ ఉత్తరం. మా తమ్ముడూ వాళ్లలో ఒకడు. పెద్దపేగు, పురీషనాళం తీసేసి చిన్నపేగు చివరను ‘జె’ ఆకారంలో మడిచి సంచిలా కుట్టి మలద్వారానికి కలుపుతారు, అదే పౌచ్. ఇలాంటి పౌచ్ గురించి లండన్ సెయింట్ మార్క్స్ ఆస్పత్రి సర్జన్లు పార్క్స్, నికోల్స్ 1978లో రాశారు. పొట్ట మీద మలం పట్టే బ్యాగుతో జీవితాంతం ఉండే బాధ తప్పించే మంచి ఆపరేషన్ ఇది.

కానీ ‘ఇక జబ్బు పోయినట్టే’ అని ఇంటికి పంపేస్తే ఎలా? పౌచ్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు అది వాస్తుంది. పౌచైటిస్ అంటారు. రోజుకు ఐదారు సార్లు వెళ్లే మనిషి పది పదిహేను సార్లు పరిగెత్తాలి, నిద్రలో పక్క తడుస్తుంది, బస్సెక్కాలంటేనే టెన్షన్. మా వాడికి అలా మొదలైనప్పుడు ఇంట్లో ఎవరికీ ఆ మాటే తెలియదు, ఏదో బయటి తిండి పడలేదనుకున్నాం.

ఆపరేషన్‌కు ముందు రక్తంలో పి-ఆంకా అనే యాంటీబాడీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లలో ఈ వాపు మొండికేసే అవకాశం ఎక్కువని లాస్ ఏంజెలెస్ సీడర్స్-సైనాయ్ ఆస్పత్రి డాక్టర్లు 2001లోనే రాశారు. తర్వాత సీబిర్1 అనే బ్యాక్టీరియా ప్రోటీన్‌కు వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీనీ దీనికి జతచేశారు. అయితే ఈ టెస్టు జాతకం కాదు. పాజిటివ్ వచ్చినా ఏమీ కానివాళ్లున్నారు, నెగటివ్ వచ్చినా వాపు వచ్చినవాళ్లున్నారు. కాబట్టి రిపోర్టు చూసి భయపడి ఆపరేషన్ మానుకోవడమూ, నిశ్చింతగా ఉండిపోవడమూ రెండూ పొరపాటే. ఆ సంగతి డాక్టరు ఓ పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాలి, ఈ వాపు ముప్పు ఎక్కువగా ఉండే పిత్తనాళాల జబ్బువాళ్లకైతే మరీ ముఖ్యం.

నాకు ఇంకా కోపం తెప్పించేది మెడికల్ షాపు వైద్యం. విరేచనాలు అనగానే సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌లు చేతిలో పెట్టేస్తారు. పౌచైటిస్‌కు వాడేవి అవే అయినా, కెమెరా గొట్టంతో పౌచ్ లోపల చూసి (పౌచోస్కోపీ), చిన్న ముక్క తీసి పరీక్షించకుండా (బయాప్సీ) నెలల తరబడి మింగితే ఒకదానితో కండరాలను ఎముకలకు కలిపే పట్టీలు (టెండన్లు) దెబ్బతినొచ్చు, రెండోదానితో పాదాలు తిమ్మిరెక్కొచ్చు.

డిశ్చార్జి కాగితంతో పాటు ఈ లక్షణాలన్నీ తెలుగులో రాసిన ఒక షీటు ఇవ్వమని ఆస్పత్రులను కోరుతున్నాను. ఆరోగ్యశ్రీ చూసేవాళ్లు కూడా ఆపరేషన్ ఖర్చుతో ఆపేయకుండా, తర్వాత అవసరమయ్యే పౌచోస్కోపీ, బయాప్సీలకూ డబ్బు ఇవ్వాలి.

– ఒక పాఠకురాలు, హనుమకొండ