హోటళ్ల చిమ్నీలు ఎవరు చూడాలి?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ సిటీ పేజీలో హోటల్ వంటగదిలో మంటలు లేచిన వార్త చదివాను. ఊరుకుందామనే అనుకున్నాను గానీ, ‘షార్ట్ సర్క్యూట్ కారణమని ప్రాథమికంగా భావిస్తున్నారు’ అన్న చివరి వాక్యం మింగుడు పడలేదు. మన ఊళ్లో ఏది అంటుకున్నా షార్ట్ సర్క్యూటే. మంట పొయ్యి దగ్గర మొదలై, పొగ గొట్టం గుండా పై అంతస్తులకు పాకిందని మీ వార్తలోనే ఉంది. గొట్టంలో కరెంటు పాకదు కదండీ, పాకేది జిడ్డు. ఏళ్ల తరబడి ఎవరూ గీకని జిడ్డు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మా అపార్ట్‌మెంట్ కింద రెండు షట్టర్లు కలిపి ఒక బిర్యానీ హోటల్ నడుస్తోంది. దాని రేకు గొట్టం మా వంటిళ్ల కిటికీల పక్కనుంచే డాబా పైకి పోతుంది. జాయింట్ల దగ్గర కారిన జిడ్డు నల్లగా చారలు కట్టింది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో అది కరిగి కింద పెట్టిన బండ్ల సీట్ల మీద బొట్లు బొట్లుగా పడుతుంది. ఒక జాయింటు విడిపోతే దానికి ప్లాస్టిక్ సిమెంటు సంచి చుట్టి, బైండింగ్ వైరుతో బిగించారు. రిపేరు అయిపోయిందట! అడిగితే ఓనరు, ‘ఫ్యాన్ మంచిగనే గుంజుతోంది అంకుల్, టెన్షన్ తీసుకోకండి’ అంటాడు.

ఆ గుంజుడే ప్రమాదం. వేడి నూనె ఆవిరి పైకి పోతూ పోతూ గొట్టం లోపలి గోడలకు చల్లబడి పేరుకుంటుంది. తందూరీ బొగ్గుల్లోంచి ఒక నిప్పురవ్వ ఫిల్టర్ దాటి అక్కడ వాలితే చాలు, తిరుగుతున్న ఫ్యానే మంటను పైకి లాక్కుపోతుంది. కంగారులో ఎవరైనా నీళ్లు పోశారా, నూనె మంట ఇంకా ఎగజిమ్ముతుంది. అమెరికాలో వంటశాలల పొగ గొట్టాల కోసమే ఎన్‌ఎఫ్‌పీఏ 96 అని ఒక ప్రమాణం ఉంది. కట్టెలు, బొగ్గు వాడేచోట నెలకోసారి, బాగా రద్దీగా నడిచేచోట మూడు నెలలకోసారి గొట్టం తనిఖీ చేయాలి, జిడ్డు కనిపిస్తే తీయించాలి. మన దగ్గర ట్రేడ్ లైసెన్స్ ఫీజుకు రోడ్డు ఎంత వెడల్పుందో మాత్రం తప్పకుండా చూస్తారు.

మేం ఫిర్యాదు చేయలేదనుకోకండి. ఒక ఆఫీసులో ‘15 మీటర్లు దాటని బిల్డింగ్ మా లెక్కలోకి రాదు’ అన్నారు. ఇంకో ఆఫీసులో పొగ సంగతి వేరేవాళ్లదన్నారు. ఆ వేరేవాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు. పెట్టాం. ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. గొట్టానికి సంచి అలాగే ఉంది.

2024లో ఫుడ్ సేఫ్టీ వాళ్లు పేరున్న హోటళ్ల వంటగదుల్లోకి వెళ్లి బొద్దింకలూ, గడువు తీరిన మసాలా ప్యాకెట్లూ బయటపెడితే ఊరంతా మెచ్చుకున్నాం. ఆ అక్టోబరులోనే పచ్చిగుడ్డు మయోనైజ్‌ని నిషేధించారు. మంచిదే. కానీ ఆ ఫ్రిజ్‌ల ముందు నిలబడ్డవాళ్లు ఒక్కసారి తల పైకెత్తి, పొయ్యి మీద పొగను పీల్చే హుడ్ వైపు చూస్తే వాళ్ల సొమ్మేం పోయేది? అగ్నిప్రమాదాల్లో 2022లో సికింద్రాబాద్ లాడ్జిలో 8 మంది, 2025లో పాతబస్తీ గుల్జార్ హౌజ్ దగ్గర 17 మంది పోయారు. ఆ ప్రమాదాల కారణాలు వేరు, కాదనను. ఆ తర్వాత నాలుగు రోజులు హడావుడి చేసి మర్చిపోవడం మాత్రం ఒకటే.

ఇక ఇళ్ల చిమ్నీల సంగతి. ఆటో క్లీన్ అని అమ్ముతారు. బటన్ నొక్కితే లోపలి నూనె వేడికి కరిగి కింది గిన్నెలోకి దిగేమాట నిజమే, మరి వెనకాల ముడతల అల్యూమినియం పైపు ఎవరు తుడవాలి? సర్వీసుకు వచ్చిన కుర్రాడు నురుగు స్ప్రే కొట్టి, గుడ్డతో తుడిచి, ఏడాది సర్వీసు కాంట్రాక్టు (ఏఎంసీ) కట్టమంటాడు. పైపు విప్పమంటే ‘అది మా స్కోపులో లేదు సార్’. పట్టుబట్టి విప్పిస్తే గోడ బయటి మూతికి జాలీ లేదు, లోపల పావురం గూడు. ఎండు పుల్లలు, ఈకలు, తెగిన కేబుల్ ముక్కలు అన్నీ జిడ్డులో నాని, పొయ్యి కోసం పేర్చిపెట్టిన చితుకుల్లా ఉన్నాయి. విశాఖలో మా తమ్ముడిదీ ఇదే గోడు. అక్కడ ఉప్పుగాలికి బయటి రేకు మూత తుప్పుపట్టి రాలిపోతుంది. వాడు కనీసం సముద్రాన్ని తిట్టుకుంటాడు, మనకు ఆ వీలు కూడా లేదు.

జర్మనీలో చిమ్నీలు తుడవడానికి మూడేళ్ల శిక్షణ ఉంటుంది. ఒక్కో ప్రాంతానికి బాధ్యుడు ఉంటాడు. మా కింద హోటల్లో షట్టరు దించాక, గిన్నెలు కడిగే పిల్లాడికి కాస్టిక్ సోడా డబ్బా, ఒక రేకు ముక్క ఇచ్చి హుడ్ కిందికి పంపుతారు. చేతులకు గ్లౌజులుండవు. చిమ్నీల్లోకి పిల్లల్ని ఎక్కించడాన్ని ఇంగ్లండ్ వాళ్లు 1875 చట్టంతో గట్టిగా ఆపగలిగారు. మన గల్లీకి ఆ సంవత్సరం ఇంకా రాలేదు.

లైసెన్స్ రెన్యువల్‌కు వచ్చినవాళ్లను గొట్టం ఎప్పుడు గీకించారో, ఎవరు గీకారో చూపే బిల్లు, లోపలి ఫొటో అడగాలి. రంజాన్‌కు హలీం బట్టీలు లేవకముందే ఆ గల్లీల్లో మరోసారి చూడాలి. ఈ పని చేసేవాళ్లకు శిక్షణ, గుర్తింపు కార్డు ఇచ్చి, వార్డు ఆఫీసులో వాళ్ల నంబర్లు పెడితే మా ఇళ్లకూ వాళ్లనే పిలుచుకుంటాం, డబ్బులిచ్చే. దీని పేరు చెప్పి ఇంకో ఫీజు వడ్డిస్తారేమోనని మా అసోసియేషన్ వాళ్ల భయం. వడ్డిస్తే వడ్డించనీయండి. చెత్తకు కడుతున్నాం, జిడ్డుకూ కడతాం. ముందు ఆ సంచి విప్పించి, గొట్టంలోకి టార్చిలైటు వేసి చూసే మనిషిని ఒక్కణ్ని పంపించండి.

— ఒక విశ్రాంత ఉద్యోగి, చిక్కడపల్లి, హైదరాబాద్