మురుగు కాలువల్లోని సూక్ష్మజీవులకు ఊపిరాడనివ్వండి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారములు.

పారే నీరు తనంతట తానే శుభ్రపడుతుందన్న భరోసాతో మన ఊళ్ల వాడుక నీటిని శుద్ధి చేయకుండానే కాలువల్లోకి, డ్రెయిన్లలోకి వదులుతున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. తూము రాళ్లను తడిమితే వేళ్లకు అంటుకునే జిగురు పొరలో కోట్లాది సూక్ష్మజీవులుంటాయి. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తినేవి, అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేవి అవే. గాలి సోకని అడుగు బురదలో మరికొన్ని బాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదులుతాయి.

అయితే ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారడానికి సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్ కావాలి. గుర్రపుడెక్క కప్పేసి, ప్రవాహం ఆగిన కాలువలో అంత ఆక్సిజన్ ఎక్కడిది? అప్పుడు అక్కడ మిగిలేది నల్ల బురద, కుళ్లిన గుడ్ల వాసన. పైగా సూక్ష్మజీవులు లోహాలను విచ్ఛిన్నం చేయలేవు. మూర్ఛకు వాడే కార్బమజెపైన్ వంటి మందులు కూడా వాటికి తేలిగ్గా లొంగవు.

తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుందని, అందుకే ఆ వేళ చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆపకూడదని మన రొయ్యల రైతులకు బాగా తెలుసు. కాబట్టి మధ్యాహ్నపు నమూనాలతో సరిపెట్టక, వేసవిలో కాలువలకు నీరు ఆపేసిన రోజుల్లో, సూర్యోదయానికి ముందే, మురుగు కలిసే చోటికి ఎగువనా దిగువనా ఆక్సిజన్, అమ్మోనియా కొలిపించి, ఆ ఫలితాలను పంచాయతీ కార్యాలయాల్లో అతికించవలసిందిగా, శుద్ధి చేయని మురుగును కాలువల్లోకి వదలకుండా ఆపించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు