కుక్కర్‌కి వాల్వ్ కూడా ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు దగ్గర పడితే చాలు, తరగతి గదులు ప్రెషర్ కుక్కర్‌లా మారాయని వార్తలు మొదలవుతాయి. ఆఫీసు పని గురించైనా, ఆటగాళ్ల గురించైనా అదే మాట. ఒత్తిడి ఎంతుందో చెప్పడానికి ఈ పోలిక పనికొస్తుంది, కాదనను. కానీ దాన్ని సగమే వాడుతున్నాం.

కుక్కర్‌ని చేసిందే ఒత్తిడి కోసం. ఆవిరిని లోపల ఆపితే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగకుండా సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, అందుకే త్వరగా ఉడుకుతుంది. అయితే దానికో హద్దు పెట్టారు. హద్దు దాటగానే పైనున్న వెయిట్ లేచి ఆవిరి బయటికి పోతుంది. ఆ దారి మూసుకుపోతే సేఫ్టీ వాల్వ్ ఉంది. 1679లో ఇలాంటి పాత్రను తయారు చేసిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త డెనిస్ పాపిన్ పేరే సేఫ్టీ వాల్వ్‌కీ చెబుతారు. రెండూ కలిసే పుట్టాయన్నమాట.

కుక్కర్ పేలితే 'ఒత్తిడి మామూలే కదా' అని ఎవరూ ఊరుకోరు. గొట్టంలో ఏ తొక్కో ఇరుక్కుందా, వాల్వ్ పాతబడిందా, ఆవిరి పోకముందే మూత లాగారా అని ఆరా తీస్తారు. మూతను వెలుతురుకి ఎత్తిపట్టి, ఆ సన్నటి గొట్టంలోంచి అవతలి వైపు కనిపిస్తోందో లేదో చూస్తారు. పిల్లవాడు కుప్పకూలితే మాత్రం తప్పంతా వాడిదే. తట్టుకోలేకపోయాడు, మరీ సున్నితం అనేసి చేతులు దులుపుకుంటాం. వాడి గోడు బయటికి వచ్చే దారి ఎక్కడ మూసుకుపోయిందో ఎవరూ చూడరు. నాకు బాధ కలిగించేది ఇదే.

స్టవ్ కట్టేసిన వెంటనే మూత రాదు కూడా. పరీక్షలైపోయాయి కదా, ఇంకా ఆ ముఖమేంటి అని నిలదీసే పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి. లోపలి ఆవిరి దిగడానికి టైమ్ పడుతుంది, బలవంతంగా తెరవబోతేనే ప్రమాదం.

ఆ మాట మానేయమని నేను కోరడం లేదు. వాడినప్పుడల్లా వార్తలో ఇంకాస్త రాయండి. టెన్షన్ చెప్పుకోవడానికి ఆ బడిలో పిల్లలకు ఎవరున్నారు? ఒంట్లో బాగాలేదంటే సెలవిస్తున్నారా? తప్పితే మళ్లీ రాసే అవకాశం ఉందా? ఏదీ లేదని తేలితే ఆ సంగతే శీర్షికగా పెట్టండి.

ఇట్లు,
మీ పాఠకురాలు