తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

మానసిక ఎదుగుదల లోపాలు, ఇతర వైకల్యాలు ఉన్న పిల్లలు హాస్టల్లో ఉండి చదువుకునే మన కావలి బడికి సంబంధించిన నివేదిక ఇది. గత జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి ఈ ఏప్రిల్‌లో వేసవి సెలవులు ఇచ్చేదాకా సంఘం చేసిన పనుల వివరం ఇందులో ఉంది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. దాని మీద ప్రశ్నలుంటే సర్వసభ్య సమావేశంలో కోశాధికారి గారు జవాబు చెబుతారు. ఇక్కడ పిల్లల సంగతులే ఎక్కువగా రాస్తున్నాను.

వారానికోసారా, నెలకోసారా

ఈ ఏడాది అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే. పిల్లల్ని ప్రతి శనివారం ఇంటికి తెచ్చుకోవడం కష్టంగా ఉంది, నెలకోసారి చేయమని కొందరు సభ్యులు అడిగారు. వాళ్ల కారణాలు తీసిపారేసేవి కావు. ఉదయగిరి, దుత్తలూరు వైపు నుంచి కావలికి వచ్చి పోవాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. రొయ్యల గుంటల మీద కాపలా ఉండేవాళ్లకు శనివారం, ఆదివారం అంటూ ఉండవు. ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లో, చంటిబిడ్డో ఉంటే ఆ రెండు రాత్రులు నెట్టుకురావడం తల్లికి ఎంత భారమో మాకూ తెలుసు.

అయినా కార్యవర్గం ఒప్పుకోలేదు. మన పిల్లలు ఎప్పటికీ హాస్టల్లో ఉండరు. పెద్దయ్యాక వాళ్లు వచ్చేది మన ఇంటికే, మన వీధికే. వారం వారం కనిపించే పిల్లవాణ్ణి అంగడాయన పేరు పెట్టి పిలుస్తాడు. దారి తప్పితే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తెచ్చి దిగబెడతారు. చెల్లెలు వాడి పక్కనే కూర్చుని అన్నం తింటుంది. నెలకోసారి వచ్చేవాడు కొన్నాళ్లకు పండక్కి వచ్చే చుట్టమైపోతాడు. చిన్నప్పుడు పోయిన ఆ చనువు పద్దెనిమిదేళ్ల తర్వాత తేవాలంటే ఎవరి తరమూ కాదు. కాబట్టి ప్రయాణం కష్టం తగ్గించాలే గానీ రాకపోకలు తగ్గించకూడదని తీర్మానించాం.

ఆ తీర్మానం కాగితం మీదే ఉండిపోకూడదని శనివారం బండి ఏర్పాటు చేశాం. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక బండి కలిగిరి, వింజమూరు మీదుగా ఉదయగిరి వైపు వెళుతుంది. ఇంకొకటి హైవే మీద ఉలవపాడు, సింగరాయకొండ వైపు వెళుతుంది. రెండిట్లోనూ ఒక ఆయమ్మ తోడు ఉంటుంది. సోమవారం పొద్దున అదే దారిలో తిరిగి తెస్తాయి. డీజిల్ ఖర్చు ఇవ్వలేని కుటుంబాల వాటా సంఘం నిధి నుంచి కడుతున్నాం. ఆ కుటుంబాల పేర్లు కార్యవర్గం దాటి బయటకు రావు. దింపేచోట పిల్లవాణ్ణి అప్పగించేది పుస్తకంలో ఫొటో ఉన్న మనిషికే. మేనమామ వచ్చినా, పక్కింటాయన వచ్చినా ఫొటో లేకపోతే బిడ్డను ఇవ్వరు. ఈ పద్ధతి మీద ఒకరిద్దరికి కోపం వచ్చింది. అయినా దీన్ని సడలించేది లేదు.

నెల్లూరు, ఒంగోలు నుంచి రైల్లో తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. బుద్ధిమాంద్యం ఉండి తోడు లేకుండా ప్రయాణించలేని వాళ్లకు సెకండ్ క్లాసులో, స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ ధరలో 75 శాతం రాయితీ ఉంది. తోడు వెళ్లేవాళ్లకూ అంతే. దీనికి రైల్వేవాళ్ల రాయితీ కార్డు తీసుకోవాలి. ఫారం నింపడం రానివాళ్లకు సంఘం నింపిపెడుతుంది.

శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా

వార్డెన్ అమ్మ ఏడాదంతా మాతో ఒకటే మాట చెబుతూ వచ్చారు: సోమవారం వచ్చే పిల్లలు శుక్రవారం నాటి పిల్లల్లా ఉండరు అని. నిద్ర చాలక కళ్లు ఎర్రగా ఉంటాయి, నిక్కరు తనంతట తాను వేసుకునేవాడు మళ్లీ కాళ్లు చాపి కూర్చుంటాడు. అన్నిటికన్నా భయపెట్టేది ఫిట్స్. ఆదివారం మందు తప్పితే అది సోమ, మంగళవారాల్లో బయటపడుతుంది. ఫిట్స్ మందు రోజూ ఒకే వేళకు పడాలి. బిడ్డ బాగానే ఉన్నాడు కదా అని మధ్యలో ఆపితే ఫిట్స్ ఇంకా గట్టిగా రావచ్చు.

అందుకని ఇప్పుడు ప్రతి పిల్లవాడి సంచిలో మందుల డబ్బా ఉంటుంది. ఏ పూటకు ఆ పూట వేరే గడి. గడి ఖాళీ అయిందంటే మందు పడినట్టు, లేదంటే లేనట్టు. చదువు రాని తల్లికి కూడా ఇది తెలుస్తుంది. డబ్బాతో పాటు ఒక నోటుపుస్తకం వస్తుంది. ఎడమ పేజీలో హాస్టల్‌వాళ్లు రాస్తారు: ఈ వారం ఏం తిన్నాడు, ఎన్ని గంటలకు పడుకున్నాడు, విరేచనం అయ్యిందా లేదా, కొత్తగా ఏం చేశాడు. కుడి పేజీ మనది. రాయడం రానివాళ్లు సోమవారం బండిలోని ఆయమ్మకు నోటితో చెబితే చాలు, ఆమె రాసుకుంటుంది. దయచేసి ‘బాగున్నాడు’ అని ఒక్క మాటతో సరిపెట్టకండి. ‘చుట్టాలొచ్చారు, రాత్రి పడుకోలేదు’ అని తెలిస్తే సోమవారం టీచరు ఆ బిడ్డను బలవంతపెట్టరు.

బట్టలేసుకోవడం, స్నానం, పళ్లెం కడగడం లాంటివన్నీ మన బడిలో ముక్కలు ముక్కలుగా నేర్పుతారు. నిక్కరు విషయంలో ముందు మోకాళ్ల దాకా టీచరే వేసి, పైకి లాక్కోవడం ఒక్కటే పిల్లవాడికి వదులుతారు. అది వచ్చాక అంతకు ముందరి మెట్టు. చివరి మెట్టు తనే పూర్తిచేస్తాడు కాబట్టి ప్రతిసారీ తానే వేసుకున్నానన్న సంతోషం వాడికి దక్కుతుంది. ఇంట్లో మనం ముద్దుచేసి మొత్తం వేసేస్తే ఆ పని వెనక్కి పోతుంది. మా అబ్బాయి విషయంలో నాకూ ఇది తెలిసిన బాధే. ఆదివారం ఒక్క రోజే కదా ఉండేది, ఆ ఒక్క రోజూ అన్నీ నేనే చేయాలనిపిస్తుంది. అయినా చేతులు కట్టుకుని నిలబడాలి. హుక్కులు, జిప్పులు కాకుండా ఎలాస్టిక్ నడుము ఉన్న బట్టలు, వెల్‌క్రో పట్టీ చెప్పులు పంపితే సగం పని తేలికవుతుంది.

హాస్టల్లో రాత్రులు

మరుగుదొడ్ల గోడలకు పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీలు బిగించాం. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతులూ స్వాధీనంలో లేకపోవడం) ఉన్న పిల్లలకు కమోడ్ కుర్చీలు కొన్నాం. పక్క తడిపే పిల్లల్ని రాత్రి ఒక వేళకు లేపి తీసుకెళుతున్నారు. ఇంట్లో కూడా అదే వేళకు లేపితేనే ఆ అలవాటు నిలుస్తుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలో పిల్లల డాక్టరు గారి చేత ఆయమ్మలకు, మనకు కలిపి చెప్పించాం. పక్కకు ఒత్తిగిలేలా తిప్పాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, గడియారం చూడాలి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం పూర్తిగా మానాలి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి. ఈ మాటలు పెద్ద అక్షరాలతో రాయించి ప్రతి గదిలో అంటించాం, ఇంటికీ ఒక కాగితం పంపాం.

పెద్దమ్మాయిల సంగతి తల్లులు విడిగా కూర్చుని మాట్లాడుకున్నారు. నెలసరి వచ్చినప్పుడు ప్యాడ్ మార్చుకోవడం, వాడినదాన్ని కాగితంలో చుట్టి వేయడం బొమ్మల కార్డులతో నేర్పుతున్నారు. అమ్మాయిల స్నానం, బట్టలు మార్చడం ఆడ ఆయమ్మలే చూడాలి. తండ్రులతో సహా సందర్శకులెవరూ ముందు గది దాటి లోపలికి పోకూడదు. ఎవరు ఎక్కడ తాకకూడదో, తాకితే ఎవరికి చెప్పాలో మాటలు రాని పిల్లలకు కూడా బొమ్మలతో చెబుతున్నారు. మన పిల్లలు చెప్పలేరన్న ధైర్యంతోనే వాళ్లకు అపకారం చేసేవాళ్లు ఉంటారు. కాబట్టి ఏ చిన్న అనుమానం వచ్చినా పరువు అని ఊరుకోకండి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసి కూడా చెప్పకపోవడం నేరమే.

తిండి విషయంలో పెద్ద మార్పులేమీ లేవు. నమలలేని పిల్లలకు అన్నం, పప్పు మెత్తగా మెదిపి, నిటారుగా కూర్చోబెట్టే పెడుతున్నారు. పడుకోబెట్టి తినిపిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఇంట్లోనూ వద్దు. ఆదివారం పులిబొంగరాలు కట్టి పంపేవాళ్లు అందరికీ సరిపోయేలా పంపితే సంతోషం.

అక్టోబరు వానలు

దసరా సెలవుల నుంచి పిల్లలు వచ్చీ రాగానే వాయుగుండం పట్టుకుంది. అది అక్టోబరు 17న చెన్నైకి ఉత్తరాన తీరం దాటింది. నెల్లూరు జిల్లా అంతా వానే. బడులకు సెలవిచ్చారు గానీ, వాగులు పొంగే దారుల్లో పిల్లల్ని బండెక్కించడం కన్నా హాస్టల్లోనే ఉంచడం మేలని కార్యవర్గం, వార్డెన్ అమ్మ కలిసి అనుకున్నారు. సెలవంటే ఇంటికి పోవడమే అని మన పిల్లలకు తెలుసు. సంచి భుజానికి తగిలించుకుని గేటు దగ్గర నిలబడినవాళ్లు ఉన్నారు. గోడ మీది బొమ్మల చార్టులో బస్సు బొమ్మను తీసి శనివారం గడిలోకి జరిపారు, ఆ రోజు గడిలో వాన బొమ్మ పెట్టారు. పది మాటలు చెప్పినా కుదుటపడని పిల్లలు ఆ బొమ్మలు చూసి తిరిగి లోపలికి వచ్చారు. ఆ రోజుల్లో ఇళ్లకు పోకుండా పిల్లల దగ్గరే ఉండిపోయిన ఆయమ్మలకు ఈ నివేదిక ద్వారా సంఘం చేతులెత్తి మొక్కుతోంది.

పింఛన్లు, కాగితాలు

దివ్యాంగుల పింఛను 2024 జూలై 1 నుంచి 3,000 రూపాయల నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. ఒకటో తేదీ వారం మధ్యలో పడితే పిల్లవాణ్ణి ఇంటికి తీసుకుపోతామని కొందరు వస్తున్నారు. ఆ నెల తీసుకోలేకపోతే తర్వాతి నెలతో కలిపి ఇచ్చే వెసులుబాటు ఉంది. మీ సచివాలయంలో అడగండి, పిల్లవాడి వారాన్ని చెడగొట్టకండి.

నిరామయ బీమా కింద ఏడాదికి 1 లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు వస్తాయి, థెరపీలు కూడా ఇందులోకి వస్తాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లు అర్హులు.

18 నిండబోతున్న పిల్లల తల్లిదండ్రులు ఇది జాగ్రత్తగా చదవాలి. ఆ వయసు దాటాక కన్నవాళ్లమే అయినా చట్టం దృష్టిలో మనం వాళ్ల సంరక్షకులం కాము. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు గారి అధ్యక్షతన జిల్లాలో ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. పొలమో, బ్యాంకు డబ్బో బిడ్డ పేర పెట్టాలనుకునేవాళ్లు ఇది ముందే చేసుకోవాలి.

మిగిలిపోయినవి

స్పీచ్ థెరపిస్టు ఇంకా దొరకలేదు. నెల్లూరు నుంచి వారానికి ఒక రోజైనా వచ్చేవాళ్ల కోసం చూస్తున్నాం. రాత్రి ఆయమ్మల సంఖ్య పెంచాలని యాజమాన్యానికి రాసి ఇచ్చాం. వాళ్ల జీతాలు కూడా పెరగాలి, మన పిల్లల్ని రాత్రంతా కనిపెట్టుకుని ఉండే మనుషులకు ఇప్పుడు ఇచ్చేది చాలా తక్కువ.

జూన్‌లో పిల్లల్ని తెచ్చేటప్పుడు కొత్త మందుల చీటీ, సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) నకలు, పిల్లవాణ్ణి తీసుకెళ్లే ఇద్దరు పెద్దల ఫొటోలు వెంట తీసుకురండి. ఉదయగిరి బండి బయలుదేరే వేళ మారవచ్చు, బడి తెరిచే ముందు ఫోన్ చేసి చెబుతాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి